ఎక్స్‌పెక్ట్

ఎక్స్‌పెక్ట్ అనేది టెర్మినల్ ముందు మనిషి కూర్చుని నడపాల్సిన కమాండ్‌లైన్ ప్రోగ్రాములు తెరపై ఏం చూపిస్తున్నాయో కనిపెట్టి, తగిన జవాబును తానే పంపే యూనిక్స్ ఉపకరణం. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో డాన్ లీబెస్ దీన్ని రూపొందించి 1990లో వెలువరించారు. జాన్ ఔస్టర్‌హౌట్ సృష్టించిన టీసీఎల్ భాష దీనికి ఆధారం.

ఒక ప్రోగ్రాము అవుట్‌పుట్‌ను మరోదానికి అందించే పైపు ఈ పనికి చాలదు. సంప్రదాయ యూనిక్స్‌లో పాస్‌వర్డ్ మార్చే ప్రోగ్రాము పైపు గుండా వచ్చిన జవాబును పట్టించుకోదు. నేరుగా టెర్మినల్ నుంచే చదువుతుంది. మరెన్నో ప్రోగ్రాములు అవుట్‌పుట్ పైపులోకి పోతుంటే దాన్ని ఎప్పటికప్పుడు వదలక బఫర్ నిండేదాకా దాచిపెడతాయి. ఎక్స్‌పెక్ట్ ఒక నకిలీ టెర్మినల్‌ను కల్పించి ఈ రెండు చిక్కులనూ తీరుస్తుంది. సోర్స్ కోడ్ దొరకని పాత ప్రోగ్రామునైనా ఒక్క అక్షరం మార్చకుండా నడపగలగడమే దీని అసలు బలం.

ఎక్స్‌పెక్ట్ స్క్రిప్టులో ‘స్పాన్’ ఆదేశం ప్రోగ్రామును మొదలుపెడుతుంది, ‘ఎక్స్‌పెక్ట్’ నమూనాకు సరిపోలే మాట కోసం కాచుకుంటుంది, ‘సెండ్’ జవాబు పంపుతుంది, ‘ఇంటరాక్ట్’ నియంత్రణను తిరిగి మనిషికి అప్పగిస్తుంది. వేరే గడువు పెట్టకపోతే నిరీక్షణ 10 సెకన్లే. ఉదాహరణకు, ‘పాస్‌వర్డ్:’ అన్న మాట ఆలోగా రాకపోతే ఏం చేయాలో రాయని స్క్రిప్టు ఆగదు. తర్వాతి వరుసకు పోయి, అడగని ప్రశ్నకు జవాబిస్తుంది. కొత్త వెర్షన్‌లో ప్రశ్న వాక్యం మారినా ఇదే ప్రమాదం.

జీసీసీ కంపైలర్, జీడీబీ డీబగ్గర్‌ల పరీక్షలు నడిపే డెజాగ్ను అనే చట్రం ఎక్స్‌పెక్ట్‌పైనే నిర్మితమైంది. పైథాన్ భాషలోని పీఎక్స్‌పెక్ట్ మాడ్యూల్ ఇదే పద్ధతిని అనుసరిస్తుంది. అక్కడ డిఫాల్ట్ గడువు 30 సెకన్లు.