తెలుగు స్వరలిపికి వెబ్ తెర: సంగీత శాస్త్ర అభ్యాసాల్లో అక్షరం, కాలం, తాళం

సారాంశం
పుస్తకం పేజీని ఫొటో తీసి వెబ్‌లో పెడితే విద్యార్థి చూసి పాడుకోగలడు గాని, ఖాళీలు పూరించలేడు, రాసింది సరిచూసుకోలేడు. కర్ణాటక సంగీత అభ్యాసాల్లో ప్రతి స్వరాన్నీ విడి సమాచారంగా భద్రపరచాలనీ, పంక్తిని తాళాంగాన్ని బట్టి విరవాలనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

1. అచ్చులో తేలిన పద్ధతి
ఎట్టయపురం సంస్థాన విద్వాంసుడు సుబ్బరామ దీక్షితులు (1839-1906) ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని 1904లో తెలుగు లిపిలో అచ్చు వేయించారు. అందులో హ్రస్వాక్షరానికి ఒక అక్షరకాలం, దీర్ఘానికి రెండు. పైన గీత గీస్తే కాలం సగమవుతుంది. తారస్థాయికి పైచుక్క, మంద్రస్థాయికి కిందిచుక్క. కంపితానికి అలగీత, జారులకు ఏటవాలు గీతలు. అంటే స్వరం, స్థాయి, కాలం, గమకం ఒకదానిపై ఒకటి పేర్చిన పొరలు. వెబ్‌లోనూ వీటిని విడివిడిగానే ఉంచాలి.

పాశ్చాత్య సంగీతానికి వెక్స్‌ఫ్లో వంటి ప్రోగ్రాములు ఐదు గీతల స్వరలిపిని బ్రౌజర్‌లోనే గీస్తాయి. మన స్వరలిపికి ముడిసరుకు అక్షరాలే కాబట్టి దాన్ని మామూలు పాఠ్యంగానే చూపవచ్చు. చిక్కులు ఆ అక్షరాల దగ్గరే మొదలవుతాయి.

2. ‘రి’ ఒకటా, రెండా?
కంటికి ‘రి’ ఒక్క అక్షరం. యూనికోడ్‌లో అది రకారం, గుడి కలిసిన రెండు సంకేతాలు. సంకేతాలను బట్టి లెక్కించే ప్రోగ్రాము ‘సరిగమ’లో ఐదు స్వరాలున్నాయంటుంది. కాబట్టి అక్షరాన్ని విడగొట్టకుండా లెక్కించే పద్ధతి తప్పనిసరి.

పైచుక్కతో మరో చిక్కు. అది తెలుగు సంకేతాల పట్టికలోది కాదు. వాడిన ఫాంటులో లేకపోతే బ్రౌజర్ వేరే ఫాంటు నుంచి తెచ్చి పెడుతుంది. అప్పుడది ‘ని’ గుడి మీద పడవచ్చు, పక్కకు జరగవచ్చు. దానిపైన కాలపు గీత కూడా వస్తే ఏది ఏదో తెలియదు. అందుకే చుక్కనూ గీతనూ అక్షరానికి అతికించకుండా, ప్రతి స్వరానికీ ఒక గడి కట్టి, గడిలో పైనా కిందా వాటికి చోటు కేటాయించడం మేలు. చూపు లేని విద్యార్థికి స్క్రీన్ రీడర్ ‘తారస్థాయి షడ్జం’ అని చదివేలా ఆ గడికి పేరు కూడా ఇవ్వవచ్చు.

3. పంక్తి ఎక్కడ విరగాలి?
సూర్యాపేట జిల్లా మోతె వంటి మండల కేంద్రంలో నేర్చుకునే పిల్లలకు అందుబాటులో ఉండే తెర ఎక్కువగా ఫోనే. ఇరుకు ఫోన్ల వెడల్పు సుమారు 360 పిక్సెళ్లు. సరళీ స్వరాల మొదటి కాలంలో ఆదితాళ ఆవర్తానికి 8 స్వరాలు. గడికి 45 పిక్సెళ్లు దక్కుతాయి. మూడో కాలంలో 32 స్వరాలు. గడి 11 పిక్సెళ్లకు కుంచించుకుపోతుంది. అందులో తెలుగు అక్షరం చదవలేం. ఆవర్తాన్ని లఘువు దగ్గర విరిస్తే పై పంక్తిలో 16, రెండు ద్రుతాలకు కింది పంక్తిలో 16 స్వరాలు వస్తాయి. గడి 22 పిక్సెళ్లవుతుంది, తాళం నడకా చెడదు.

తిశ్రజాతి త్రిపుటలో ఇంత సమంగా కుదరదు. మూడో కాలంలో లఘువుకు 12, ద్రుతాలకు 16 స్వరాలు. చిన్న పంక్తిని తెర నిండా సాగదీస్తే ఒకే కాలం రెండు వెడల్పుల్లో కనిపిస్తుంది. గడి కొలత మార్చకుండా, మిగిలిన చోటు ఖాళీగా వదలాలి.

4. జవాబు దిద్దడం
‘సా’ అన్నా, ‘స’ పక్కన కామా పెట్టినా నిడివి రెండు అక్షరకాలాలే. విద్యార్థి ఏది రాసినా సరే అనాలంటే ప్రోగ్రాము అక్షరాలను కాక అక్షరకాలాలను పోల్చాలి. స్వరస్థానానికి రాగం పేరు కూడా కావాలి: మాయామాళవగౌళలో ‘రి’ శుద్ధ రిషభం, శంకరాభరణంలో చతుశ్శ్రుతి. రెండుచోట్లా రాసేది ఒకే అక్షరం. రాగం నమోదు కాకపోతే స్వరస్థానం మీద వేసిన ప్రశ్నకు జవాబు తేల్చలేం, ఐదు గీతల లిపిలోకి మార్చనూలేం.

ముగింపు
రాగం, తాళం శీర్షికలో ఉండాలి. స్వరం, స్థాయి, అక్షరకాలం, గమకం ప్రతి గడిలో ఉంటే చాలు. గీతాల దశలో గమక గుర్తులను దాచి, వర్ణాల దశలో తెరవవచ్చు. అయితే అలగీత కంపితం ఉందని చెబుతుందే గాని, ఆ రాగంలో ఎంత ఊపాలో చెప్పదు. కాబట్టి ఆ పొర తెరిచిన చోటల్లా గురువు పాడిన ఆడియో జతచేయాలి. గమకాన్ని గుర్తుతో గాక వినికిడితో పరీక్షించాలి.