కార్జపు జలగ, పొట్ట జలగ

గొర్రె దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడితే జలగ పట్టిందేమోనని మందలు కాసేవారు అనుమానిస్తారు. అయితే అది ఏ జలగ? కార్జంలోని పిత్తనాళాల్లో బతికేది ఫాసియోలా. పెద్ద పొట్ట గోడను పట్టుకునేది ఆంఫిస్టోమ్. వీటి జాతులను తేల్చడానికి శాస్త్రజ్ఞులకు తరాలు పట్టింది.

కార్జపు జలగకు 1758లో లినేయస్ ఫాసియోలా హెపాటికా అని పేరుపెట్టాడు. మన పశువుల్లో ఎక్కువగా కనిపించే ఫాసియోలా జైగాంటికాను కోబోల్డ్ 1855లో వర్ణించాడు, అదీ ఒక జిరాఫీలో దొరికిన జలగను చూసి.

పొట్ట జలగలతోనే అసలు చిక్కు. ఎర్రగా, కండగా ఉండి పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఫిషోడర్ 1901లో వీటికి పారాంఫిస్టోమిడే అనే కుటుంబాన్ని ఏర్పరిచాడు. 1937లో నాస్మార్క్ జలగను నిలువునా పలుచని పొరలుగా కోసి, గొంతులోనూ వెనుక చూషకంలోనూ జననరంధ్రం దగ్గరా కండరాల అమరికను బట్టి జాతులను విడదీశాడు. 1980లలో ఎడువార్డో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చర్మం మీది బుడిపెలనూ పరిశీలించాడు. ఇప్పుడు డీఎన్ఏ పరీక్ష కూడా తోడైంది.

జలగల్లాంటి పరాన్నజీవుల చదువు హైదరాబాద్‌కు కొత్త కాదు. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. బేగంపేటలోని ఆయన పరిశోధన భవనం తర్వాతి కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చి పరాన్నజీవ శాస్త్ర కేంద్రమైంది. తార్నాకను ఆనుకుని ఉన్న ఆ విశ్వవిద్యాలయం 1918లో పుట్టింది. 1946లో మొదలైన హైదరాబాద్ పశువైద్య కళాశాల కూడా 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయంలో చేరేదాకా ఉస్మానియా నీడలోనే ఉంది.

జంతుశాస్త్ర ప్రయోగశాలల్లో జలగల జాతులు తేల్చే పనికి ముడిసరుకు కబేళా నుంచి వస్తుంది. పొట్ట గోడ నుంచి జలగలను ఏరి, ఉప్పునీటిలో కడిగి, గాజు పలకల మధ్య నొక్కి, కార్మైన్ రంగు పట్టిస్తారు. జలగకు పొట్టవైపు సంచి ఉంటే గ్యాస్ట్రోథైలాక్స్ బృందమని తేలుతుంది. సంచి లేనివాటి దగ్గరే పని కష్టమవుతుంది.

ఈ వర్గీకరణ రైతుకు నేరుగా అక్కరకొస్తుంది. ట్రైక్లాబెండజోల్ కార్జపు జలగను చంపుతుంది, పొట్ట జలగ మీద పనిచేయదు. పేడ పరీక్షలో కార్జపు జలగ గుడ్డు పసుపుగా, పొట్ట జలగ గుడ్డు రంగులేకుండా కనిపిస్తుంది. కానీ పేగులోని పిల్ల పొట్ట జలగలు గుడ్లు పెట్టకముందే, అంటే పేడలో గుడ్డు కనబడకముందే, ప్రాణం తీయగలవు. మందు పోసే ముందు పేడ నమూనా పశువైద్యశాలకు తీసుకెళ్లండి. పారుడు ఎక్కువగా ఉంటే ఆ సంగతీ డాక్టరుకు చెప్పండి.