రోగం పేరు తెలియక పోయే పసిప్రాణాలు: జన్యు పరీక్ష ఆరోగ్యశ్రీ హక్కు కావాలి

పెద్దేముల్ మండలంలోని ఒక దళితవాడలో పుట్టిన బిడ్డకు మూడో రోజే ఫిట్స్ మొదలైతే ఆ తల్లిదండ్రులు ఎటు పోవాలి? ముందు తాండూరు, ఆ తర్వాత హైదరాబాద్‌లోని నిలోఫర్. వంద కిలోమీటర్లు దాటిన ప్రయాణం, పోయిన కూలి, తెచ్చిన అప్పు. ఇంత చేసినా ఒక్కోసారి రోగమేమిటో తేలదు. కారణం జన్యువుల్లో ఉంటే మామూలు రక్త పరీక్షకూ స్కానింగ్‌కూ అది చిక్కకపోవచ్చు.

ఏమిటీ పరీక్ష?

బిడ్డ, తల్లి, తండ్రి ముగ్గురి రక్తంలోని డీఎన్ఏను చదివి, రోగానికి కారణమైన మార్పును పట్టుకోవడమే జన్యు పరీక్ష. మామూలుగా ఫలితానికి వారాలు పడుతుంది. ర్యాపిడ్ పద్ధతిలో కొద్ది రోజులు చాలు. ఐసీయూలో ఉన్న బిడ్డకు ఆ తేడాయే ప్రాణం. బయోటినిడేజ్ లోపానికి బయోటిన్ అనే విటమినే మందు. కొన్ని రకాల ఫిట్స్ విటమిన్ బీ6తో ఆగుతాయి. అంటే మందు చవక, రోగం పేరు తెలుసుకోవడమే ఖరీదు.

ప్రభుత్వం భరించిన చోట

అమెరికాలోని కాలిఫోర్నియాలో పేదల ప్రభుత్వ బీమా 'మెడికాల్' కింద 'ప్రాజెక్ట్ బేబీ బేర్' పేరుతో ఐదు ఆసుపత్రుల్లో 178 మంది పసిపిల్లలకు ఈ పరీక్ష చేశారు. 76 మందికి రోగం పేరు తెలిసింది. ప్రతి పదిమందిలో ముగ్గురికి చికిత్సే మారింది. ఆసుపత్రి ఖర్చు సుమారు 25 లక్షల డాలర్లు తగ్గింది. ఇంగ్లండ్ 2022లో దీన్ని ఎన్‌హెచ్‌ఎస్‌లో జాతీయ సేవగా ప్రారంభించింది.

మన దగ్గర

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబర్ 9న పది లక్షలకు పెంచారు. అయితే ఆ పథకం నడిచేది ప్యాకేజీల మీద. ప్యాకేజీకి అనుమతి కావాలంటే ముందు రోగం పేరు చెప్పాలి. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద 50 లక్షల వరకు సాయం ఉంది. హైదరాబాద్‌లో నిమ్స్‌తో కలిసి సీడీఎఫ్‌డీ దాని కేంద్రంగా ఉంది. అక్కడా వ్యాధి నిర్ధారణ జరిగాకే సాయం. రెండు తలుపులకూ తాళంచెవి ఒకటే, ఆ తాళంచెవి మాత్రం పేదవాడి చేతికి అందడం లేదు.

ఇది కుల ప్రశ్న కూడా

1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో అంబేడ్కర్, కులాన్ని నిలబెట్టేది సొంత కులంలోనే పెళ్లి చేసుకోవడమని తేల్చారు. సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న 2017 నాటి పరిశోధన, ఆ కట్టుబాటు జన్యువుల్లోనూ ముద్ర వేసిందని చూపింది. పరిశీలించిన 263 దక్షిణాసియా సమూహాల్లో 81 సమూహాలకు అరుదైన జన్యు వ్యాధుల ముప్పు ఎక్కువ. కాబట్టి 'మేనరికం చేసుకున్నారుగా' అని తల్లిని నిందించి పంపేయడం అన్యాయం. కులం గీసిన గీతకు ఆమె బిడ్డ మూల్యం చెల్లిస్తోంది.

మేము అడుగుతున్నవి

ఐసీయూలోని పసిపిల్లలకు ర్యాపిడ్ జన్యు పరీక్షను ఆరోగ్యశ్రీలో ప్రత్యేక ప్యాకేజీగా పెట్టాలి. జిల్లా ఆసుపత్రిలోనే రక్తం తీసి నమూనాను హైదరాబాద్ పంపాలి. ఫలితాన్ని తల్లిదండ్రులకు తెలుగులో వివరించే కౌన్సెలర్ ఉండాలి. జన్యు సమాచారం కులాల వారీగా బయటికి పొక్కకుండా చట్టబద్ధ రక్షణ ఉండాలి.

విద్యార్థి మిత్రులు సమాచార హక్కు చట్టం కింద తమ జిల్లాలో ఎందరు పసిపిల్లలు రోగ నిర్ధారణ లేకుండానే చనిపోయారో అడగాలి. లెక్క బయటికొస్తేనే పోరాటానికి బలం.