గొంగడి కింద కుక్క

పోయిన వానాకాలం మెట్‌పల్లి నుంచి గోదావరి ఒడ్డున ఉన్న ఎర్దండి దాకా నడుద్దామని బయల్దేరాను. వీపున బ్యాగు, వెంట మా కుక్క. ఆన్‌లైన్‌లో కొన్న రెయిన్ జాకెట్ ముసురుకు రెండు గంటలు ఆగింది. తరవాత బయటి వాన కన్నా లోపలి చెమటే ఎక్కువైంది. కుక్క గజగజ వణుకుతోంది. వేపచెట్టు కింద మందను ఆపుకున్న ఓ కురుమ తాత మమ్మల్ని చూసి నవ్వాడు. "గా ప్లాస్టిక్కు అంగి ఆగుతదా బిడ్డా వానకు? కుక్కనన్న ఇటు తోలు" అంటూ గొంగడి అంచు ఎత్తాడు. లోపల అప్పటికే ఆయన కుక్క ఉంది. రెండూ ఒకసారి గుర్రుమని, చలికి సర్దుకున్నాయి.

ఇంటికొచ్చాక ఆ గొంగడి గురించి చదవడం మొదలుపెట్టాను. మనం సెలవు పెట్టి, డబ్బు పోసి చేసే పని కురుమలకు, గొల్లలకు ఏటా తప్పనిది. వానాకాలం చేలల్లో పైరుంటుంది, మందకు చోటుండదు. గుట్టలు, బీళ్ళు, అడవి పట్టుకుని పోవాలి. కోతలయ్యాక తిరిగొస్తే రైతులే పిలిచి పొలంలో మంద పెట్టించుకుంటారు, ఎరువు కోసం. ఈ తిరుగుడంతా కర్ర, గొడ్డలి, సద్ది, గొంగడితోనే. రాత్రి తోడేళ్ళకూ దొంగలకూ కాపలా కుక్క.

గొంగడి ఉన్ని దక్కనీ గొర్రెది. మనవాళ్ళు నల్లగొర్రె అంటారు. ఏడాదికి రెండుసార్లు బొచ్చు కత్తిరిస్తారు. ఆడవాళ్ళు వడుకుతారు. పడుగుకు చింతగింజల గంజి పట్టించి నేస్తారు. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం తేమను పీల్చుకున్నా తడిసినట్టు తెలియదు, పైగా పీల్చుకునేటప్పుడు కాస్త వేడిని వదులుతుంది. పోగుల మధ్య చిక్కిన గాలి ఆ వేడిని పోనివ్వదు. నా జాకెట్ వెనక లేబుల్ మీద రాసి ఉన్న సంగతులన్నీ ఇవే. ఒక వాసన తప్ప! తడిసిన గొంగడి వాసన గురించి అబద్ధం చెప్పలేను.

ఇంత పాత నడకకు చరిత్ర పుస్తకాల్లో చోటు తక్కువ. దాని జాడ దేవుడి దగ్గర దొరికింది. ఒగ్గు కథల మల్లన్నే కన్నడ దేశపు మైలారుడు, మరాఠీల ఖండోబా. ఈ దేవుడి శిల్పాల్లో పక్కన కుక్క ఉంటుంది. గొర్రెల కాపరుల దేవుడు కుక్క లేకుండా ఎలా తిరుగుతాడు! వినుకొండ వల్లభరాయుడి పేరున్న 'క్రీడాభిరామం'లో ఓరుగల్లులో నిప్పుగుండాలు తొక్కే మైలారు భటులు కనిపిస్తారు. కవిని ఆపింది వాళ్ళ సాహసం. రాత్రంతా వానలో మంద చుట్టూ తిరిగే మనిషి దగ్గర ఏ కవి ఆగుతాడు?

మెట్‌పల్లి అంటే ఖాదీ అంటాం, పసుపు అంటాం. 1963లో పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్‌కు పునాదిరాయి పడింది. కాకతీయ కాలువ ఈ దిక్కు నీళ్ళు తెచ్చింది. బీళ్ళు పొలాలయ్యాయి. అది మా ఇళ్ళల్లో అన్నం పెట్టిన నీరే, దాన్ని తప్పు పట్టను. కానీ మందలు తిరిగే చోటు తగ్గింది. గొర్రె కూడా మారింది. మాంసానికి గిరాకీ పెరిగేకొద్దీ పొడుగ్గా, బరువుగా పెరిగే నెల్లూరు జాతి వచ్చింది. దానికి ఉన్ని ఉండదు. 2017లో మొదలైన పథకంలో ప్రభుత్వం 75 శాతం రాయితీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చింది. లెక్క కట్టింది మాంసాన్నే. కురుమల సభల్లో నాయకుల భుజాల మీద గొంగడి కప్పి, చేతికి గొర్రెపిల్లనివ్వడం మాత్రం ఆగలేదు.

వాన తెరిపిచ్చాక తాత గొంగడి దులిపి భుజాన వేసుకున్నాడు. అంచులో రెండు చోట్ల నైలాన్ దారంతో కుట్లున్నాయి. ఎక్కడ కొన్నారని అడిగాను. "కొనుడేంది? మా నాయన నేసిండు" అన్నాడు. ఆయన మందలో నల్లగొర్రెలు ఏడున్నాయి. మిగతావన్నీ ఎర్రవే. మా కుక్క ఆయన వెనకే కొంతదూరం పోయింది. పిలిస్తే గానీ తిరిగి రాలేదు.