పచ్చి చేప, పాత పురుగు, ఒక కొత్త చట్టం



సముద్రపు చేపను కోసినప్పుడు, పేగుల చుట్టూ తెల్లని సన్నని పురుగు గడియారపు స్ప్రింగులా చుట్ట చుట్టుకొని కనిపించడం కొత్తేమీ కాదు. దానిని చూడగానే కొందరు చేపనంతటినీ పారవేస్తారు. మరికొందరు పేగులు తీసివేసి, శుభ్రంగా కడిగి, పులుసు పెట్టుకొంటారు. వీరిలో ఎవరు చేసినది సరైన పని? దీనికి సమాధానం చెప్పాలంటే ముందుగా మిమ్మల్ని నెదర్లాండ్స్ దేశానికి తీసుకొనిపోవాలి. ఒకప్పుడు మన మచిలీపట్నంలో వర్తకశాల నెలకొల్పిన డచ్చివారి దేశమే అది.

హెర్రింగ్ అనే చిన్న సముద్రపు చేప అంటే డచ్చివారికి ప్రాణం. వేసవి ఆరంభంలో వచ్చే కొవ్వు పట్టిన లేత చేపను, కొద్దిగా ఉప్పులో ఊరవేసి, తరిగిన ఉల్లిపాయలతో కలిపి, పొయ్యి ఎక్కించకుండానే తింటారు. ఈ అలవాటుకు శతాబ్దాల చరిత్ర ఉన్నది. చేపను పట్టిన వెంటనే ఓడమీదనే మొప్పలనూ, పేగులలో ఎక్కువ భాగాన్నీ తీసివేసి, ఉప్పు వేసి పీపాలలో నింపే పద్ధతిని 14వ శతాబ్దంలో విలెం బ్యూకెల్స్‌జోన్ అనే మత్స్యకారుడు ప్రవేశపెట్టాడని ఆ దేశంలో పరంపరగా చెప్పుకొంటారు. ఎవరు ప్రవేశపెట్టినా, డచ్చివారి చేపల వర్తకానికి ఆ పద్ధతే పునాది అయింది.

ఇంతకాలంగా తింటున్న ఆహారమే 1955 ప్రాంతంలో వైద్యులకు సమస్యగా మారింది. రోగికి హఠాత్తుగా తీవ్రమైన కడుపునొప్పి వచ్చేది. అపెండిసైటిస్ అనో, పేగు మూసుకొనిపోయిందనో భావించి శస్త్రవైద్యులు ఉదరం తెరిచేవారు. లోపల పేగులో ఒక భాగం వాచి, గట్టిపడి ఉండేది. ఆ భాగాన్ని కోసి సూక్ష్మదర్శిని క్రింద పరీక్షిస్తే, మన జనం ‘ఇస్నోఫీలియా’ అనే మాటతో ఎరిగిన ఇసినోఫిల్ కణాలు గుంపులు గుంపులుగా, వాటి నడుమ ఒక పురుగు ముక్క కనిపించాయి. రోగులను విచారిస్తే, అందరూ కొద్దిపాటి ఉప్పు వేసిన హెర్రింగ్‌ను తిన్నవారే. డచ్ పరాన్నజీవి శాస్త్రవేత్త వాన్ థీల్, ఆయన సహచరులు 1960లో ఆ పురుగును హెర్రింగ్ చేపలో ఉండే ఏలికపాము జాతి డింభకంగా నిర్ధారించారు. అదే నేటి వైద్యగ్రంథాలలోని ‘అనిసాకిస్’.

ఈ పురుగు అసలు నివాసం మనిషి కాదు. పెద్ద పురుగులు తిమింగలాలు, డాల్ఫిన్ల జీర్ణాశయంలో బ్రతుకుతాయి. వాటి గుడ్లు మలంతో సముద్రంలో కలుస్తాయి. వెలువడిన డింభకాలను రొయ్యల వంటి చిన్న జీవులు మింగుతాయి, వాటిని చేపలు తింటాయి, ఆ చేపలను మరల తిమింగలాలు తింటాయి. ఈ చక్రంలోకి మనిషి పొరపాటున ప్రవేశిస్తాడు. మన కడుపులో ఆ డింభకం పెరిగి పెద్దది కాలేదు. కాని చచ్చేలోపల జీర్ణాశయపు గోడనో, పేగునో తొలుచుకొని వాపు కలిగిస్తుంది.

ఇక్కడ మీకొక సందేహం రావాలి. పురుగు అనాదిగా ఉన్నది, పచ్చి చేప తినడమూ శతాబ్దాలుగా ఉన్నది. మరి జబ్బు అప్పుడే ఎందుకు బయటపడింది? శాస్త్రజ్ఞులు చూపిన కారణం ఎంతో ఆలోచింపజేస్తుంది. ఓడలలో మంచు నిల్వచేసే సౌకర్యం వచ్చాక, చేపను సముద్రంమీదనే కోయవలసిన అవసరం లేకపోయింది. కోయని చేపను మంచులో పెట్టి రేవుకు తెచ్చి, అక్కడ శుభ్రం చేయసాగారు. చేప చచ్చిన తరువాత దాని పేగుల వద్దనున్న డింభకాలు కండలోకి వలసపోగలవు. అంటే వెంటనే పేగులు తీయని చేపలో పురుగులు తినే భాగానికే చేరే అవకాశం హెచ్చింది. పైగా పూర్వం పీపాలలో గాఢమైన ఉప్పులో చాలాకాలం ఊరిన చేపలో పురుగు బ్రతకడం కష్టం. కొత్త రుచికోసం ఉప్పు తగ్గించడంతో ఆ రక్షణా పోయింది. పురుగు మారలేదు, మనిషి పని మారింది. పాత పద్ధతిని ప్రవేశపెట్టినవారికి ఈ పురుగు సంగతి తెలియదు. దానిని విడిచిపెట్టినవారికీ తెలియదు.

డచ్ ప్రభుత్వం ప్రజలను తమ ప్రియమైన వంటకం మానుకొమ్మనలేదు. 1968లో ఒక నియమం విధించింది. పచ్చిగా తినబోయే హెర్రింగ్‌ను మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ వద్ద కనీసం 24 గంటలు గడ్డకట్టించాలి. ఆ చలికి డింభకాలు చస్తాయి. ఆ తరువాత ఆ దేశంలో ఈ జబ్బు దాదాపు కనుమరుగైంది. ఒక మాత్ర గాని, ఒక టీకా గాని లేకుండా సాధించిన విజయమిది. పచ్చి చేప ఎక్కువగా తినే జపాన్‌లో మాత్రం ఈ జబ్బు నేటికీ ఉన్నది. అక్కడి వైద్యులు ఎండోస్కోపీ గొట్టంతో కడుపులోకి చూసి, చిన్న పటకారుతో పురుగును పట్టి బయటికి తీస్తారు. వెనిగర్‌లో ఊరవేసిన చేప తినే స్పెయిన్ కూడా 2006లో గడ్డకట్టించే నిబంధనను తెచ్చింది, ఎందుకంటే వెనిగర్ ఈ పురుగును నమ్మకంగా చంపదు.

ఇక మన సంగతి. చేపను బాగా ఉడికించి పులుసు పెట్టుకోవడం, వేపుడు చేసుకోవడం మన ఆచారం. చేప మధ్యభాగం 63 డిగ్రీల వేడికి చేరితే పురుగు చస్తుంది. కుతకుత ఉడికే పులుసులోని ముక్క ఆ వేడిని తేలికగా దాటుతుంది. చేపకు ఉప్పు, పసుపు పట్టించి కడగడం నీచువాసన పోగొట్టడానికే తప్ప పురుగును చంపడానికి కాదు. మనలను కాపాడుతున్నది పొయ్యి. కనుక మొదటి ప్రశ్నకు సమాధానం: పురుగు కనిపించిన భాగాన్ని తీసివేసి, పూర్తిగా ఉడికించుకొన్నవారు చేసినది పొరపాటు కాదు. అయితే ఈ పురుగుకు అలర్జీ ఏర్పడిన కొందరికి చచ్చిన పురుగు కూడా దద్దుర్లు, ఆయాసం తెప్పించవచ్చు. చేప తిన్నప్పుడల్లా అలా జరిగితే వైద్యుని సంప్రదించండి.

నేడు హైదరాబాదులోనూ సుషి దొరుకుతున్నది. విదేశాలలోని మన పిల్లలు దానిని ఇష్టంగా తింటున్నారు. తప్పు లేదు. కాని పొయ్యిని విడిచినప్పుడు చలినైనా ఆశ్రయించాలి. “ఈ చేపను ముందుగా గడ్డకట్టించారా?” అని అడగడానికి మొహమాటపడకండి. ఇంట్లో చేద్దామనుకొనేవారికి ఒక హెచ్చరిక: అమెరికా ఆహార నియమాలు మైనస్ 20 డిగ్రీల వద్ద 7 రోజులు ఉంచమంటాయి, ఇంటి ఫ్రిజ్ అంత చల్లదనాన్ని నిలకడగా ఇస్తుందని నమ్మలేము. చెరువు, నది చేపలలో వేరే పరాన్నజీవులుంటాయి, వాటిని అసలే పచ్చిగా తినవద్దు. పచ్చి చేప తిన్న కొన్ని గంటలకో, ఒకటి రెండు రోజులకో తీవ్రమైన కడుపునొప్పి వస్తే, ఏమి తిన్నారో వైద్యునికి తప్పక చెప్పండి. ఆ ఒక్క మాట చెప్పకపోవడం వల్ల, తెలియకపోవడం వల్ల అనవసరంగా కత్తికి గురైన కడుపులు ఎన్నో.

పెద్దలనాటి పద్ధతిని మార్చుకోవడంలో దోషం లేదు. అది మనకు తెలియకుండానే దేనినుండి కాపాడుతున్నదో తెలుసుకొని, ఆ రక్షణను మరొక విధంగా కల్పించుకొని మార్చుకొందాం.