చెవి వెనక ఎముకలో నేర్చిన విద్య

చెవి చుట్టూ, పుర్రె అడుగుదాకా వ్యాపించి ఉండే కణత ఎముకను వైద్యులు టెంపోరల్ బోన్ అంటారు. మూడు మిల్లీమీటర్ల అంకవన్నె అనే చిన్న ఎముక, నత్తగుల్లలా చుట్టుకున్న కర్ణావర్తం, ఒంటిని తూలిపోకుండా నిలబెట్టే మూడు అర్ధవలయ కుల్యలు, ముఖ కండరాలను ఆడించే నాడి, మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమని, మెదడు నుంచి రక్తాన్ని కిందికి దించే సిగ్మాయిడ్ సైనస్ ఆ ఒక్క ఎముకను ఆనుకునో, దాని లోపలో ఉంటాయి. చాలాచోట్ల ఒకదానికీ మరొకదానికీ మధ్య ఎడం ఒకటి రెండు మిల్లీమీటర్లే. ఇక్కడ పనిచేసే సర్జన్‌కు మామూలు ఇ.ఎన్.టి. చదువు చాలదని గుర్తించి, ఆపైన ప్రత్యేక శిక్షణ ఒకటి ఏర్పడడానికి సుమారు వందేళ్లు పట్టింది. చెవి, పుర్రె అడుగుభాగాల శస్త్రచికిత్సకు ఉద్దేశించిన ఆ శిక్షణే నేటి న్యూరోటాలజీ ఫెలోషిప్.

ఈ చరిత్ర ఐరోపాలో మొదలైంది. చెవి వెనక మాస్టాయిడ్ ఎముకలో చీము పట్టి, అది మెదడుకు పాకి మనుషులు చనిపోతున్న కాలమది. జర్మనీలోని హాలే నగరంలో హెర్మన్ ష్వార్ట్జె 1873లో ఆ ఎముకను తెరిచి చీము తీసే పద్ధతిని క్రమబద్ధంగా వివరించాడు. అదే ఏడాది వియన్నా జనరల్ ఆసుపత్రిలో ఆడం పొలిట్జర్, యోసెఫ్ గ్రూబర్‌ల ఆధ్వర్యంలో ప్రత్యేక చెవి విభాగం ఏర్పడింది. పొలిట్జర్ పాఠాలు వినడానికి, ఆయన దగ్గర చెవి నిర్మాణాన్ని కళ్లారా చూడడానికి ఐరోపా దేశాల నుంచి, అమెరికా నుంచి వైద్యులు వరసకట్టారు. ఆ విభాగంలోనే ఎదిగిన రాబర్ట్ బారానీకి చెవిలోని సమతౌల్య వ్యవస్థపై చేసిన పరిశోధనకు 1914 నోబెల్ బహుమతి లభించింది. చెవి వైద్యుడికి నాడీ వ్యవస్థ కూడా తెలిసి ఉండాలన్న ఆలోచన ఇలా బలపడింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో మాత్రం వియన్నా దారి మూసుకుపోయింది.

చెవి నుంచి మెదడుకు పోయే నాడి మీద పెరిగే కణితి, అంటే అకౌస్టిక్ న్యూరోమా, ఆ రోజుల్లో పూర్తిగా మెదడు సర్జన్ల చేతిలో ఉండేది. హార్వే కుషింగ్ 1917లో ఈ కణితులపై పెద్ద గ్రంథమే రాశాడు. కణితిని మొత్తంగా పెకలిస్తే ప్రాణం పోతుందని, దాని పొర లోపలి భాగాన్ని మాత్రం తొలిచి తీయడం మేలని ఆయన పద్ధతి. తర్వాత వాల్టర్ డాండీ కణితిని పూర్తిగా తీయవచ్చని చూపాడు. అలా తీస్తే తరచుగా ముఖ నాడి తెగిపోయేది. రోగి బతికినా ఒకవైపు ముఖం వాలిపోయి, కన్ను మూతపడని స్థితిలో మిగిలేవాడు. చెవి గుండానే కణితిని చేరవచ్చని జర్మన్ వైద్యుడు పాన్సె 1904లోనే సూచించాడు. ఆ ఇరుకు దారిలో నడవడానికి కావలసిన చూపు గానీ పనిముట్లు గానీ అప్పటికి లేవు.

ఆ చూపును సూక్ష్మదర్శిని ఇచ్చింది. స్టాక్‌హోమ్‌లో కార్ల్ ఒలోఫ్ న్యూలెన్ 1921లో ఒంటి కంటి మైక్రోస్కోపుతో చెవి ఆపరేషన్ చేశాడు. మరుసటి ఏడాది గున్నార్ హోల్మ్‌గ్రెన్ రెండు కళ్లతో చూసే మైక్రోస్కోపును వాడాడు. 1953లో జర్మనీకి చెందిన జైస్ కంపెనీ ఆపరేషన్ గదికి సరిపడే మైక్రోస్కోపును మార్కెట్‌లోకి తెచ్చింది. పనిముట్టు పళ్ల డాక్టర్ల నుంచి వచ్చింది. న్యూయార్క్‌లో జూలియస్ లెంపర్ట్ దంతవైద్యుల డ్రిల్‌తో ఎముకను తొలిచి, అంకవన్నె బిగుసుకుపోయి వినికిడి పోయినవారికి లోపలి చెవిలో కొత్త కిటికీ తెరిచే ఆపరేషన్‌ను 1938లో ప్రకటించాడు. దాన్ని నేర్చుకోవడానికి ఊరూరి నుంచి సర్జన్లు ఆయన దగ్గరికి వెళ్లారు. వారిలో లాస్ ఏంజెలిస్‌కు చెందిన హోవర్డ్ హౌస్ ఒకరు. ఆయన 1946లో తన ఊళ్లో చెవి పరిశోధనకు ఒక ఫౌండేషన్ స్థాపించాడు. తర్వాత హౌస్ ఇయర్ ఇన్‌స్టిట్యూట్‌గా ప్రసిద్ధికెక్కింది ఇదే.

ఈ చరిత్ర మలుపు తిరిగింది హోవర్డ్ సవతి తమ్ముడు విలియం హౌస్‌తోనే. ఆయన ముందు దంతవైద్యం చదివి, ఆ తర్వాత వైద్యం చదివాడు. డ్రిల్ పట్టుకోవడం చేతికి అలవాటైన మనిషి. 1956లో అన్న దగ్గర చేరాక, రోగి మీద కత్తి పెట్టేముందు శవాల కణత ఎముకలను మైక్రోస్కోపు కింద పెట్టి తొలచడం నియమంగా పెట్టుకున్నాడు.

ఆ సాధన ఎలా ఉంటుందో చూస్తే ఈ శిక్షణ అంతరార్థం తెలుస్తుంది. ఎముకను గిన్నెలాంటి హోల్డర్‌లో బిగించి, నీళ్లు ధారగా పోస్తూ పెద్ద బర్‌తో, అంటే డ్రిల్‌కు తగిలించే తిరిగే మొనతో, చెవి వెనక పైపొరను అరగదీస్తారు. నీళ్లు ఆగితే ఎముక వేడెక్కుతుంది, కింద ఉన్న నాడి దెబ్బతింటుంది. గాలి గదులతో నిండిన మాస్టాయిడ్ తెరుచుకున్నాక, వెనకవైపు పలచబడిన ఎముక కింద సిగ్మాయిడ్ సైనస్ నీలంగా కనబడుతుంది. మరికాస్త లోపలికి వెళ్తే అర్ధవలయ కుల్య గట్టిగా, తెల్లగా మెరుస్తుంది. ముఖ నాడి దాని కిందుగా సాగుతుంది. అక్కడ కోసే పళ్లున్న బర్‌ను పక్కన పెట్టి వజ్రపు పొడి పూసిన బర్ తీసుకోవాలి, నాడి దారికి అడ్డంగా కాకుండా దాని వెంబడే నడపాలి. ఎముక కాగితమంత పలచనయ్యాక నాడి లేత గులాబీ రంగులో కనబడుతుంది. అక్కడ ఆగడం తెలిసినవాడే సర్జన్. లోపలి చెవి కాలువ చివర ముఖ నాడినీ సమతౌల్య నాడినీ వేరుచేసే చిన్న నిలువు ఎముక గట్టు ఒకటి ఉంది. కణితి ఎంత పెద్దదైనా ముఖ నాడిని అక్కడ గుర్తుపట్టవచ్చని చూపించినందుకు దాన్ని విలియం హౌస్ పేరిట బిల్స్ బార్ అని పిలుస్తారు.

1961లో ఆయన కణత పైభాగం నుంచి, మెదడును కాస్త ఎత్తిపట్టి లోపలి చెవి కాలువను చేరే దారిని ప్రచురించాడు. వినికిడిని కాపాడే అవకాశం ఆ దారిలో ఉంది. ఆ తర్వాత, పాన్సె ఊహించిన దారినే, అర్ధవలయ కుల్యలను తొలిచి కణితిని చేరే పద్ధతిని, మైక్రోస్కోపుతో ఆచరణలోకి తెచ్చాడు. ఈ పనిలో న్యూరోసర్జన్ విలియం హిట్సెల్‌బర్గర్ ఆయన పక్కన నిలిచాడు. చెవి డాక్టర్ మెదడు దగ్గరికి వెళ్లడాన్ని న్యూరోసర్జన్లు చాలామంది తీవ్రంగా వ్యతిరేకించారు. ప్రాణాలు నిలవడం, ముఖాలు వంకరపోకపోవడం చూశాక ఆ వ్యతిరేకత క్రమంగా సడలింది. 1961లోనే హౌస్ తన తొలి కాక్లియర్ ఇంప్లాంట్లు అమర్చాడు. 1968లో మెనియేర్స్ వ్యాధితో తల తిరిగి విమానయానానికి దూరమైన వ్యోమగామి అలన్ షెపర్డ్‌కు ఆయనే ఆపరేషన్ చేశాడు. షెపర్డ్ 1971లో అపోలో 14లో చంద్రుడి మీదికి వెళ్లివచ్చాడు.

ఇద్దరు వేర్వేరు శాఖల సర్జన్లు ఒకే రోగి మీద కలిసి పనిచేసే ఈ పద్ధతిని పుస్తకం చదివి నేర్చుకోవడం అసాధ్యం. అందుకే లాస్ ఏంజెలిస్‌కు ఇ.ఎన్.టి. చదువు పూర్తిచేసిన యువ సర్జన్లు వచ్చి, గురువుల పక్కన నిలబడి నేర్చుకోసాగారు. ఫెలోషిప్ అలా మొదలైంది. 1965లో అమెరికన్ న్యూరోటాలజీ సొసైటీ ఏర్పడింది. హౌస్ దగ్గర నేర్చిన మైకేల్ గ్లాస్‌కాక్ నాష్‌విల్‌లో తన కేంద్రాన్ని పెట్టి, అక్కడ మళ్లీ శిష్యులను తయారుచేశాడు. స్విట్జర్లాండ్‌లో ఉగో ఫిష్ చెవి కింద నుంచి పుర్రె అడుగు లోతుల్లోని కణితులను చేరే దారులను రూపొందించాడు. జూరిచ్‌లో ఆయన నడిపిన ఎముక శిక్షణ తరగతులకు అన్ని దేశాల వారూ వచ్చేవారు. ఇటలీలోని పియాచెంజాలో మారియో సన్నా స్థాపించిన గ్రుప్పో ఓటోలాజికో తర్వాతి తరానికి అలాంటి మరో గమ్యమైంది. అక్కడ శిక్షణ పొందినవారిలో భారతీయులూ ఉన్నారు.

గురువు దగ్గర కూర్చుని నేర్చే విద్యకు ఒక బలహీనత ఉంది. శిష్యుడు ఏం నేర్చాడో, ఎంత నేర్చాడో బయటివారికి తెలియదు. ఈ లోటును తీర్చడానికి కొలతలు పుట్టాయి. ఆపరేషన్ తర్వాత ముఖ నాడి పనితీరును ఆరు స్థాయిల్లో లెక్కగట్టే హౌస్-బ్రాక్‌మన్ పద్ధతి 1985లో వచ్చింది. దాంతో ఒక కేంద్రం ఫలితాలను మరో కేంద్రంతో పోల్చడం వీలైంది. 1990లలో అమెరికాలో ఈ ఫెలోషిప్‌లకు లాంఛనంగా గుర్తింపు ఇచ్చే ఏర్పాటు జరిగింది. అయిదేళ్ల ఇ.ఎన్.టి. శిక్షణ తర్వాత మరో రెండేళ్లు న్యూరోటాలజీలో గడపాలని నిబంధన వచ్చింది. 2004లో ఈ ఉపశాఖలో తొలి బోర్డు పరీక్ష జరిగింది.

భారతదేశంలో దారి వేరుగా సాగింది. ఎం.బి.బి.ఎస్. తర్వాత మూడేళ్ల ఎం.ఎస్.లో ఇ.ఎన్.టి. మొత్తం ముగించాలి. ఆపై చెవి శస్త్రచికిత్సకు ప్రత్యేక శిక్షణ ఎక్కువగా కొన్ని పెద్ద ఆసుపత్రులు ఇచ్చే ఫెలోషిప్‌ల ద్వారానో, విదేశీ కేంద్రాల్లోనో దొరుకుతోంది. చెన్నైలో మోహన్ కామేశ్వరన్ నెలకొల్పిన మద్రాస్ ఇ.ఎన్.టి. రీసెర్చ్ ఫౌండేషన్ ఇలాంటి శిక్షణకు పేరుపొందింది. తెలుగునాట ఈ నైపుణ్యం అవసరాన్ని ఒక ప్రభుత్వ పథకం పెంచింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, పుట్టుకతో వినికిడి లేని పేద పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్లు వేయించే బాధ్యత తీసుకుంది. లక్షల ఖరీదు చేసే ఆపరేషన్ పల్లె బిడ్డలకూ అందింది. ఆ ఆపరేషన్‌లో కర్ణావర్తాన్ని చేరాలంటే సాధారణంగా ముఖ నాడి పక్కనున్న సన్నని సందులోంచి వెళ్లాలి. పథకం పిల్లలకు నిజంగా మేలు చేయాలంటే, పరికరంతో పాటు ఆ సందు ఎరిగిన చెయ్యీ ఉండాలి.

ఇప్పుడు ఈ శిక్షణ ముందు కొత్త ప్రశ్న నిలిచింది. ఎం.ఆర్.ఐ. వచ్చాక కణితులు చిన్నగా ఉన్నప్పుడే దొరుకుతున్నాయి. స్వీడన్‌లో లార్స్ లెక్సెల్ 1969లో గామా నైఫ్ రేడియేషన్‌తో అకౌస్టిక్ న్యూరోమాకు చికిత్స చేశాడు. ఆ మార్గం విస్తరించాక, చాలా కణితులను కత్తి లేకుండానే ఆపుతున్నారు, కొన్నింటిని ఏళ్ల తరబడి గమనిస్తూ ఊరుకుంటున్నారు. రోగికి ఇది మంచిదే. నేర్చుకునేవారికి మాత్రం పెద్ద ఆపరేషన్లలో పాల్గొనే అవకాశం తగ్గుతోంది. అందుకే ఎప్పుడు ఆపరేషన్ చేయకూడదో తెలియడం కూడా ఫెలోషిప్ పాఠంలో భాగమైంది. శవాల ఎముకలు దొరకని చోట త్రీడీ ముద్రణతో తయారైన నమూనాలు, కంప్యూటర్ సిమ్యులేటర్లు ఆ లోటు కొంత తీరుస్తున్నాయి. డెన్మార్క్‌లో రూపొందిన విజిబుల్ ఇయర్ సిమ్యులేటర్ ఎవరైనా ఉచితంగా వాడుకోగలిగినది. సాధనాలు మారినా విలియం హౌస్ పెట్టుకున్న నియమం మారలేదు: తొలి తప్పు ఎముక మీద జరగాలి, రోగి మీద జరగకూడదు. ఎముకలు తొలిచే బల్ల, గురువు పర్యవేక్షణ, ఫలితాల కొలత, చివర పరీక్ష అన్నవి ఆ నియమాన్ని నిలబెట్టడానికి ఒక్కొక్కటిగా వచ్చినవే. మన వైద్య కళాశాలల్లో ఈ నాలుగూ పూర్తిగా సమకూరినప్పుడే నైపుణ్యం కోసం యువ సర్జన్లు పరదేశం వెళ్లాల్సిన అవసరం తగ్గుతుంది.