చలి తక్కువ ప్రాంతాల్లో ప్లమ్ సాగు: రకం ఎంపికే కీలకం

(ప్రత్యేక వ్యాసం)

శీతాకాలం రాగానే లంబసింగి, చింతపల్లి పేర్లు పత్రికల్లో ప్రముఖంగా కనిపిస్తాయి. తెల్లవారుజామున అక్కడ నమోదయ్యే కనిష్ఠ ఉష్ణోగ్రతలను చూసి, హిమాచల్ ప్రదేశ్‌లో పండే ఆపిల్, ప్లమ్ వంటి పండ్లు మన మన్యంలో ఎందుకు పండవన్న ప్రశ్న తలెత్తడం సహజం. తెలుగునాట ఆల్‌బుఖారాగా పిలిచే ప్లమ్ విషయంలో ఈ ప్రశ్నకు సమాధానం ప్రధానంగా ఎంచుకునే రకంపై ఆధారపడి ఉంటుంది. మొక్క బతకడం వేరు, కాపు కాయడం వేరు. రకం సరిపడకపోయినా చెట్టు ఏపుగానే పెరగవచ్చు. పొరపాటు బయటపడేది మూడు నాలుగేళ్ల తర్వాత, పూత రావలసిన సమయంలోనే. ఎకరం, రెండెకరాల భూమిపై ఆధారపడిన గిరిజన రైతుకు ఆ నాలుగేళ్ల నష్టం పూడ్చుకోలేనిది.

చలి గంటలు అంటే ఏమిటి?

ప్లమ్ ఆకురాల్చే చెట్టు. శరదృతువులో ఆకులు రాల్చి మొగ్గలు నిద్రావస్థలోకి వెళతాయి. నిర్ణీత కాలం చలి సోకితేనే ఆ నిద్ర వీడుతుంది. అటుపిమ్మట వాతావరణం వేడెక్కగానే పూత, చిగురు వస్తాయి. సాధారణంగా 7.2 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ ఉష్ణోగ్రత ఉన్న గంటలను కూడి, ఆ మొత్తాన్ని చలి గంటలుగా వ్యవహరిస్తారు. ఈ అవసరం తీరకపోతే చిగురు ఆలస్యమవుతుంది, పూత విడతలు విడతలుగా వస్తుంది, మొగ్గలు రాలిపోతాయి, పిందె నిలవదు.

కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక్కటే కొలమానం కాదు

తెల్లవారుజామున ఉష్ణోగ్రత 3 డిగ్రీలకు పడిపోయిందన్న వార్త చలి తీవ్రతను తెలుపుతుందే కాని, అది ఎంతసేపు ఉన్నదీ తెలుపదు. ఉదాహరణకు, ఒక ప్రాంతంలో రోజుకు నాలుగు గంటలు మాత్రమే 7 డిగ్రీల లోపు చలి ఉంటుందనుకుందాం. అటువంటి రాత్రులు 30 ఉంటే సమకూరేది 120 చలి గంటలు మాత్రమే. 250 గంటలు కోరే రకానికి అటువంటి రాత్రులు 60కి పైగా కావాలి. పైగా, మధ్యాహ్నపు ఎండ తీవ్రంగా ఉంటే రాత్రి సమకూరిన చలి ప్రభావం కొంత తగ్గిపోతుంది. ఈ కారణంగానే 1974లో అమెరికాలో రూపొందిన యూటా పద్ధతి, 1987లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తల కృషితో వెలువడిన డైనమిక్ పద్ధతి పగటి వేడిని కూడా లెక్కలోకి తీసుకుంటాయి.

పంజాబ్ మైదానాలు సముద్రమట్టానికి సుమారు 250 మీటర్ల ఎత్తులోనే ఉన్నా అక్కడ ప్లమ్ పండడానికి కారణం ఇదే. ఉత్తరాన ఉండడం వల్ల డిసెంబర్, జనవరి నెలల్లో అక్కడ రాత్రులు దీర్ఘంగా, చల్లగా ఉంటాయి. పొగమంచు వల్ల అనేక రోజులు పగలు కూడా చల్లగానే ఉంటుంది. సుమారు 1,000 మీటర్ల ఎత్తులో ఉన్న లంబసింగిలో తెల్లవారుజాము చలి తీవ్రంగా ఉన్నా, ఎండ వచ్చాక వేడి త్వరగా పెరుగుతుంది.

రెండు జాతులు, రెండు స్వభావాలు

సాగులో ఉన్న ప్లమ్‌లో యూరోపియన్, జపనీస్ అని రెండు ప్రధాన జాతులున్నాయి. యూరోపియన్ ప్లమ్ రకాల్లో అధిక భాగం దీర్ఘకాలం చలి కోరుతాయి కనుక వెచ్చని ప్రాంతాలకు పనికిరావు. జపనీస్ ప్లమ్ పుట్టిల్లు చైనా. దీనికి చలి అవసరం తక్కువ. అమెరికాలోని కాలిఫోర్నియాలో లూథర్ బర్బాంక్ 1906లో విడుదల చేసిన శాంటా రోసా ఈ కోవలోనిదే. హిమాచల్ ప్రదేశ్‌లోని మధ్య ఎత్తు కొండల్లో ఈ రకం విస్తృతంగా సాగులో ఉంది. అయితే ఇది కూడా మైదానాలకు అనువైనంత తక్కువ చలి రకం కాదు.

పంజాబ్ మైదానాలకు లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం సత్లజ్ పర్పుల్, కాలా అమృత్‌సరి రకాలను సిఫారసు చేసింది. ఇవి మే నెలలో కోతకు వస్తాయి. అమెరికాలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం రూపొందించిన గల్ఫ్‌బ్యూటీ, గల్ఫ్‌బ్లేజ్ వంటి రకాలు సుమారు 200 నుంచి 300 చలి గంటలతో సరిపెట్టుకుంటాయి. దక్షిణ భారతంలో నీలగిరి, కొడైకెనాల్ కొండల్లో రుబియో, హేల్, గవియోటా వంటి రకాలు సాగవుతున్నాయి. అయితే ఊటీ, కొడైకెనాల్ 2,000 మీటర్లకు పైబడిన ఎత్తులో ఉన్నాయి. అక్కడి ఫలితాలను అందులో సగం ఎత్తున్న ప్రాంతాలకు యథాతథంగా వర్తింపజేయరాదు.

జంట రకం తప్పనిసరి

చలి అవసరం తీరినా కాపు రాకపోవడానికి మరో కారణం పరాగ సంపర్కం లోపించడం. జపనీస్ ప్లమ్‌లో అనేక రకాలు తమ పుప్పొడితో తాము పిందె కట్టలేవు. సత్లజ్ పర్పుల్ కాయాలంటే తోటలో కాలా అమృత్‌సరి ఉండాలి. కాలా అమృత్‌సరి కొంతమేర స్వయంగా కాసినా, టైట్రాన్ రకం తోడుంటే దిగుబడి పెరుగుతుంది. ఫ్లోరిడా గల్ఫ్ రకాలకు కూడా జంట కావాలి. రెండు రకాలూ ఒకే సమయంలో పూతకు రావడం, పూత సమయంలో తేనెటీగలు సంచరించడం అవసరం. కనుక పూత దశలో పురుగుమందుల పిచికారీ మానుకోవాలి.

కోత సమయం, నేల

తక్కువ చలి రకమైతే ఎక్కడైనా మేలే అనుకోవడం సరికాదు. మంచు కురిసే చోట అటువంటి రకం ముందుగా పూతకు వచ్చి, పూత మాడిపోయే ప్రమాదం ఉంది. మన్యంలో నైరుతి రుతుపవనాలు జూన్‌లో ప్రవేశిస్తాయి కనుక, అంతకు ముందే కోత పూర్తయ్యే రకాలను ఎంచుకోవాలి. వర్షంలో తడిసిన పండ్లు పగిలి కుళ్లుతాయి, పండు ఈగ బెడద కూడా పెరుగుతుంది. నీరు నిలవని నేల, సరైన వేరుమూలంపై కట్టిన అంటు కూడా ముఖ్యమే. మొగ్గల నిద్ర వీడడానికి కొన్ని దేశాల్లో వాడే హైడ్రోజన్ సయనమైడ్ విషపూరిత రసాయనం. అది చలి కొరతను పూర్తిగా తీర్చలేదు, రకం ఎంపికకు ప్రత్యామ్నాయమూ కాదు.

ముందు ప్రయోగం, తర్వాత విస్తరణ

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలంలో ఒక రైతు ఆపిల్ పండించిన ఉదంతం 2020లో వెలుగులోకి వచ్చింది. తగిన రకం దొరికితే శీతల మండల పండ్లు తెలుగు నేలపై అసాధ్యం కావని ఇది సూచిస్తున్నది. అయితే ఒక తోట విజయం ఒక జిల్లాకు సిఫారసు కాజాలదు. ఆపిల్ అనుభవం ప్లమ్‌కు నేరుగా వర్తించదు.

అందువల్ల మొక్కల పంపిణీకి ముందు అధికారులు ఆ ప్రాంతపు ఉష్ణోగ్రతలను గంటగంటకూ, కనీసం కొన్ని శీతాకాలాల పాటు పరిశీలించాలి. రెండు మూడు రకాలను జంట రకాలతో సహా కొద్ది విస్తీర్ణంలో నాటి, వరుసగా కొన్నేళ్ల కాపు చూశాకే విస్తరణ చేపట్టడం శ్రేయస్కరం. రైతులు నర్సరీలో మొక్క కొనే ముందు నాలుగు వివరాలు అడిగి తెలుసుకోవాలి: రకం పేరు, దానికి కావలసిన చలి గంటలు, జంట రకం, కోత నెల. వీటికి స్పష్టమైన జవాబు రాని మొక్కను కొనకపోవడమే క్షేమం.

ఎన్ని వేల మొక్కలు నాటారన్న లెక్క కంటే, నాలుగో ఏట చెట్టుకు ఎన్ని కిలోల పండ్లు వచ్చాయన్న లెక్కే అసలైన కొలమానం. ఈ లెక్కను అధికారులు నమోదు చేసి, పాత్రికేయులు ప్రజలకు అందిస్తే, మిగిలిన రైతులు తగిన నిర్ణయం తీసుకోగలుగుతారు.